రాబెన్ ఎడమకాలు: అభిమానుల మధ్య తెగని తగువు

ఫుట్‌బాల్ మైదానంలో కుడి లేదా ఎడమ పక్కగీత వెంట ఆడుతూ, ప్రత్యర్థి రక్షకులను అటూ ఇటూ చెదరగొట్టి గోల్ వైపు దారి తెరిచే ఆటగాణ్ణి వింగర్ అంటారు. అతడి ప్రయత్నాల్లో చాలా భాగం విఫలమవుతాయి. ఆ వైఫల్యం కూడా ప్రేక్షకులకు అత్యంత చేరువలో, పక్కగీత దగ్గరే జరుగుతుంది కనుక అభిమానుల వాదోపవాదాలకు అతడు సులువుగా చిక్కుతాడు. జర్మనీలోని బయెర్న్ మ్యూనిక్ క్లబ్బుకు 2009 నుంచి 2019 దాకా ఆడిన నెదర్లాండ్స్ వింగర్ అర్యెన్ రాబెన్ విషయంలో ఈ వాదన ఎంత తీవ్రంగా సాగిందో గమనిస్తే, ఒక ఆటగాడి బలాన్నీ బలహీనతనూ తూచడం ఎంత కష్టమో తెలుస్తుంది.

రాబెన్‌ది ఎడమకాలి వాటం. అయినా అతడు ఆడింది కుడి పక్కన. పూర్వం కుడికాలి వాటం ఉన్నవారినే కుడి వింగర్లుగా నిలిపేవారు; వారు గీత వెంట చివరిదాకా పరుగెత్తి, గోల్ ముందున్న సహచరులకు బంతిని ఎత్తి అందించేవారు. వాటానికి ఎదురు పక్కన నిలిపిన వింగర్‌ను ఇన్వర్టెడ్ వింగర్ అంటారు. ఇతడు గీత వెంట పోకుండా మైదానం మధ్యకు మళ్లి తానే గోల్‌కు కొడతాడు. శిక్షకుడు లూయీ వాన్ హాల్ కుడి పక్కన రాబెన్‌ను, ఎడమ పక్కన కుడికాలి వాటమున్న ఫ్రాన్స్ ఆటగాడు ఫ్రాంక్ రిబెరీని నిలిపి, బయెర్న్ దాడిని ఈ పద్ధతి మీదే నిర్మించాడు.

రాబెన్ మీద అభిమానులు మోపిన మొదటి అభియోగం, అతడు ఏం చేస్తాడో అందరికీ ముందే తెలుసన్నది. బంతిని ఎడమకాలి వెలుపలి అంచుతో చిన్నచిన్నగా తడుతూ వచ్చి, ఒక్కసారిగా లోపలికి మళ్లి, ఆవలి గోల్‌స్తంభానికి బయటగా పోతున్నట్టు కనిపించి చివర లోపలికి వంగే షాట్ కొడతాడు. ఇది నిజమే, అయితే తెలిసినంత మాత్రాన ఆపడం ఎందుకు సాధ్యం కాలేదన్న ప్రశ్నను ఈ అభియోగం దాటవేస్తుంది. అతణ్ణి అడ్డుకోవలసిన లెఫ్ట్‌బ్యాక్, అంటే ఎడమ పక్క రక్షకుడు, సాధారణంగా ఎడమకాలి వాటం వాడు. రాబెన్ మళ్లేది ఆ రక్షకుడి కుడి పక్కకు, అంటే వాటం లేని కాలి వైపుకు. ఆ మలుపు కూడా రక్షకుడి బరువు ఒక కాలి మీద పడిన క్షణం చూసి తీసుకునేది. పోనీ రక్షకుడు ముందే లోపలికి జరిగి కాచుకుంటే, వెనుక నుంచి బయెర్న్ కుడి పక్క రక్షకుడు ఫిలిప్ లామ్ గీత వెంట రాబెన్‌ను దాటి దూసుకువస్తాడు. ఈ పరుగును ఓవర్‌ల్యాప్ అంటారు. లామ్‌ను వదలడమా, రాబెన్‌ను వదలడమా అన్న సందిగ్ధంలో రక్షకుడు అర అడుగు తడబడితే చాలు. కాబట్టి ఒకే ఎత్తుగడ అన్న నింద నిజానికి ఆ ఎత్తుగడ సాధనకు దక్కవలసిన ప్రశంస.

స్వార్థపరుడన్న రెండవ అభియోగంలో కొంత బలం ఉంది. పక్కన సహచరుడు ఖాళీగా ఉన్నా తానే కొట్టిన సందర్భాలు రాబెన్ ఆటలో తక్కువేమీ కావు. అయితే బలమైన షాట్ కొడతాడన్న భయం ఉన్నప్పుడే ఇద్దరు ముగ్గురు రక్షకులు అతడి మీదికి వస్తారు, అప్పుడే మిగతావారికి చోటు దొరుకుతుంది. కొట్టని వింగర్‌కు ఎవరూ భయపడరు.

అసలైన బలహీనత శరీరం. 2010 ప్రపంచకప్‌కు ముందు హంగరీతో ఆడుతుండగా తొడ వెనుక కండరం గాయపడింది. కోలుకుని ఫైనల్ దాకా ఆడినా, ఆ తర్వాత కండరం తీవ్రంగా చిరిగిందని బయెర్న్ వైద్యులు తేల్చడంతో 2011 జనవరి దాకా క్లబ్బుకు దూరమయ్యాడు. పది సీజన్లలో క్లబ్బు ఆడిన సుమారు 340 బుందెస్‌లీగా (జర్మనీ లీగ్) మ్యాచ్‌లలో అతడు ఆడగలిగినవి 201. అందులో చేసిన గోల్స్ 99. అతడి గొప్పతనమూ, దాని మీద జట్టు పూర్తిగా ఆధారపడలేకపోవడమూ ఈ రెండు అంకెల్లోనే ఉన్నాయి.

2012లో ఈ తగువు హద్దు దాటింది. ఏప్రిల్‌లో టైటిల్ పోటీదారు డార్ట్‌మండ్ మీద పెనాల్టీ వృథా చేసిన రాబెన్, మే 19న సొంత నగరంలో ఇంగ్లండ్ క్లబ్బు చెల్సీతో జరిగిన యూరప్ క్లబ్బుల పోటీ ఛాంపియన్స్ లీగ్ ఫైనల్ అదనపు సమయంలో కొట్టిన పెనాల్టీని గోల్‌కీపర్ పెత్ర్ చెక్ ఆపేశాడు; చివరకు కప్పు చెల్సీకి పోయింది. మూడు రోజుల తర్వాత అదే మైదానంలో బయెర్న్, నెదర్లాండ్స్ జట్ల మధ్య జరిగిన స్నేహపూర్వక మ్యాచ్‌లో రాబెన్ తన దేశం తరఫున దిగగా, అతడు బంతి తాకినప్పుడల్లా బయెర్న్ అభిమానులే ఈలలు వేసి గేలి చేశారు. 2010లో గాయం కారణంగా క్లబ్బుకు వాటిల్లిన నష్టానికి పరిహారంగా ఏర్పాటైన మ్యాచ్ అది కావడం మరింత బాధాకరం. అదే ఛాంపియన్స్ లీగ్ సెమీఫైనల్లో రియల్ మాడ్రిడ్ మీద పెనాల్టీని గోల్ చేసి జట్టును నిలబెట్టింది కూడా ఇతడేనన్న సంగతిని నెల తిరగకముందే మరచిపోవడం అభిమానం అనిపించుకోదు.

2013 మే 25న వెంబ్లీ మైదానంలో అదే డార్ట్‌మండ్‌తో ఛాంపియన్స్ లీగ్ ఫైనల్ జరిగింది. సహచరుడు మండ్జుకిచ్ చేసిన మొదటి గోల్‌కు బంతి అందించినవాడు, స్వార్థపరుడన్న పేరు మోసిన రాబెనే. స్కోరు 1-1గా ఉండగా 89వ నిమిషంలో రిబెరీ మడమతో అందించిన బంతిని అందుకుని, ఇద్దరు రక్షకుల మధ్య నుంచి చొచ్చుకుపోయి, గోల్‌కీపర్ వైడెన్‌ఫెల్లర్‌ను ఏమార్చి ఎడమకాలితో మెల్లగా లోపలికి నెట్టాడు. ఆ గోల్‌తో బయెర్న్ 2-1తో కప్పు గెలిచింది. 2019లో అతడు క్లబ్బు విడిచేనాటికి అతడి ఖాతాలో ఎనిమిది బుందెస్‌లీగా టైటిళ్లు ఉన్నాయి.