మనిషి కదిలితే పదవి పోతుంది, గీత కదిలితే పోదు

తెలంగాణ బిడ్డ పి.వి. నరసింహారావు మహారాష్ట్రలోని రాంటెక్ నుంచి లోక్‌సభకు గెలిచారు. మన చట్టం అందుకు ఒప్పుకుంటుంది. అమెరికాలోని టెక్సస్ కౌంటీల్లో అది కుదరదు. ఎక్కడ పదవి కావాలో అక్కడే కాపురముండాలి.

టెక్సస్‌లో 254 కౌంటీలున్నాయి. 2020 జనాభా లెక్కల్లో హారిస్ కౌంటీలో 47 లక్షల పైచిలుకు జనం తేలితే, లవింగ్ కౌంటీలో తేలింది 64 మంది. పాలకమండలి తీరు మాత్రం రెండుచోట్లా ఒకటే. కౌంటీ అంతా ఓటేసి ఎన్నుకునే కౌంటీ జడ్జి, ప్రిసింక్టులనే కౌంటీలోని నాలుగు భాగాలకు ఒక్కొక్కరు చొప్పున నలుగురు కమిషనర్లు. బడ్జెట్టు, రోడ్లు, కౌంటీ పన్ను రేటు వీరి చేతిలోనే.

పోటీ చేయాలంటే నామినేషన్ల గడువు నాటికి ఏడాదిగా రాష్ట్రంలో, ఆరు నెలలుగా ఆ పదవి పరిధిలో ఎడతెగకుండా నివసిస్తూ ఉండాలి. పని మీద ఎక్కడికి వెళ్లినా తిరిగి చేరాలనుకునే స్థిరమైన ఇల్లే చట్టం లెక్కలో నివాసం. అక్కడ సొంతిల్లు ఉన్నంత మాత్రాన చాలదు, కొన్నాళ్లు ఊళ్లో లేనంత మాత్రాన హక్కు పోదు. తగాదాలు పుట్టేదీ ఇక్కడే. తిరిగి రావాలన్న ఉద్దేశం మనసులోది, దానికి కొలబద్ద లేదు.

పదవీకాలం నాలుగేళ్లు. 1954 రాజ్యాంగ సవరణకు ముందు రెండేళ్లే. అందరి గడువూ ఒకేసారి తీరదు. 1, 3 ప్రిసింక్టుల కమిషనర్లను అధ్యక్ష ఎన్నికల ఏడాదిలో, కౌంటీ జడ్జిని, 2, 4 ప్రిసింక్టుల కమిషనర్లను ఆ తర్వాత రెండేళ్లకు ఎన్నుకుంటారు. ఎన్నిసార్లయినా గెలవొచ్చు. అయితే గడువు ఏడాదీ 30 రోజులకు మించి మిగిలుండగా మరో పదవికి పోటీ చేస్తానని ప్రకటిస్తే, ఆ ప్రకటనే రాజీనామా అవుతుంది.

గెలిచాక కౌంటీ వదిలి కాపురం మార్చేస్తే పదవి ఖాళీ అయినట్లే. మరి కమిషనర్ ఉన్నచోటే ఉండి, జనాభా లెక్కల తర్వాత ప్రిసింక్టు సరిహద్దు జరిగి ఆయన ఇల్లు అవతల పడితే? మిగిలిన కాలం ఆయన నిక్షేపంగా కొనసాగవచ్చని రాష్ట్ర రాజ్యాంగమే చెబుతోంది. కారణం లేకపోలేదు. ఆ సరిహద్దులు గీసేది పాలకమండలే. ఈ రక్షణ లేకపోతే, మెజారిటీ ఉన్నవాళ్లు గిట్టని సభ్యుణ్ణి ఒక్క గీతతో ఇంటికి పంపేయగలరు.

కాలిన్, ఫోర్ట్ బెండ్ కౌంటీల్లో తెలుగువారు చాలామందే స్థిరపడ్డారు. వారిలో కమిషనర్ పదవిపై ఆశ ఉన్నవారు ప్రచారం కన్నా ముందు, తమ ఇల్లు ఏ ప్రిసింక్టులోకి వస్తుందో, అక్కడికి మారి ఆరు నెలలు నిండుతాయో లేదో చూసుకోవాలి.