'వీడీ' అను మాట పుట్టుపూర్వోత్తరములు

పందొమ్మిదవ శతాబ్దపు ఆంగ్ల నవలలు చదువు పాఠకునకు అప్పుడప్పుడు ఒక యువకుడు తారసపడుచుండును. మనిషి పొడవు; ఛాతీ వెడల్పు తక్కువ; మెడ సన్నము. గాలి గట్టిగా వీచినచో తూలిపడునేమో యని చూచువారికి జాలి పుట్టును. అట్టివానిని వర్ణించుటకు గ్రంథకర్త 'వీడీ' అను విశేషణమును వాడును. పాఠకుడు నిఘంటువు తెఱచినచో అందు మొదటి అర్థము 'కలుపుతో నిండినది' అని యుండును. పొలము కలుపుతో నిండవచ్చును, చెఱువు నిండవచ్చును. మనిషి యెట్లు నిండును? పోనిండు, కలుపువంటివాడని సరిపెట్టుకొందమన్నను చిక్కు తీరదు. కలుపును మించిన మొండి ప్రాణి లేదని సేద్యము చేసిన ప్రతివానికిని తెలియును. పీకిన కొలదియు అది మొలచుచునే యుండును. అట్టిదాని పేరు బలహీనునికెట్లు వచ్చినది?

ఈ విశేషణమునకు మాతృక 'వీడ్' అను నామవాచకము. ఇది ప్రాచీనాంగ్లమునుండి వచ్చుచున్న మాట. అప్పటి రూపము 'వేఓద్'. నాటినుండి నేటివఱకు దాని ప్రధానార్థము పెద్దగా మాఱలేదు. తాను నాటనిదై, తాను నాటినదానికి అడ్డు తగులు మొక్కను ఆంగ్లేయ కర్షకుడు ఈ పేర పిలిచెను. ప్రాచీనాంగ్లముననే 'వ్యాద్' అను వేఱొక మాట కలదు. దానికి వస్త్రమని యర్థము. కాలక్రమమున ఉచ్చారణ మాఱగా ఈ రెండు మాటలును ఒకే రూపము దాల్చినవి. వస్త్రార్థము క్రమముగా లోకవ్యవహారమునుండి తొలగిపోయి, భర్తృవియోగము పొందిన స్త్రీలు ధరించు నల్లని దుస్తులను తెలుపు పలుకుబడియందు మాత్రము నిలిచినది. ఆ పలుకుబడిని చూచి 'వితంతువుల కలుపుమొక్కలు' అని వ్రాయు అనువాదకుడు నవ్వులపాలు కాక తప్పదు.

నామవాచకమునకు చివర 'ఈ' చేర్చి విశేషణము చేయుట ఆంగ్లమున సామాన్యము. ఆ విధముగ ఏర్పడిన 'వీడీ' పదునైదవ శతాబ్దినాటికే వాడుకలోనున్నది. అప్పటి అర్థము నిరాడంబరమైనది: కలుపెక్కిన తోట, కలుపెక్కిన చేను. అది రైతు ఫిర్యాదు. అందు కవిత్వము లేదు. కవిత్వమును అందు ప్రవేశపెట్టినవాడు షేక్స్పియరు. 'హామ్లెట్' నాటకము నాలుగవ అంకమున ఒఫీలియా మరణవార్తను రాణి తెచ్చును. మతి చలించిన ఆ కన్య అడవిపూలతోడను, ముట్టుకొన్న దురద పుట్టించు ఆకులతోడను మాలలల్లి, ఏటిగట్టున వంగిన చెట్టుకొమ్మకు తగిలింపబోవును. కొమ్మ విఱుగును, మాలలతోపాటు ఆమెయు నీటిపాలగును. ఆ మాలలను చెప్పుచోట కవి ఈ విశేషణమును వాడెను. ఇచట దాని యర్థము 'కలుపుతో నిండిన' యని కాదు, 'కలుపుమొక్కలతో అల్లిన' యని. ఎవరును నాటని, ఎవరును కోరని పూలు తప్ప ఆ కన్యకు చివరకు తోడు మిగులలేదు. నింద మోయుచున్న మాటకు కరుణ నంటగట్టిన ఘట్టమిది.

బలహీనుడైన యువకుని సంగతికి వత్తము. ఈ చిక్కు విడదీయుటకు పొలమును విడిచి గుఱ్ఱపుసాలకు పోవలెను. పందొమ్మిదవ శతాబ్దిలో ఆంగ్లదేశపు గుఱ్ఱపు బేరగాండ్రు, పందెగాండ్రు తమలో తాము వాడుకొను పరిభాషలో కాళ్లు పొడవై, ఒడలు వదులై, దమ్ము లేని గుఱ్ఱమును 'వీడ్' అనిరి. పందెమునకు పనికిరాదు, పిల్లలు పెట్టుటకును పనికిరాదు, మేతకు మాత్రము వచ్చును. అట్టి గుఱ్ఱము 'వీడీ' యైనది. గుఱ్ఱమునుండి మనిషికి పాకుటకు ఆ మాటకు ఎంతో కాలము పట్టలేదు. ఇచట పోలిక కలుపుయొక్క మొండితనముతో కాదు, దాని ఆకారముతో. పైరు నీడలో వెలుతురుకై సాగి సాగి, సన్నని కాడతో పాలిపోయి నిలిచిన మొక్కను తలచుకొనినచో ఆ యువకుని రూపము కన్నులకు కట్టును. పోలిక చెప్పినవాడు మొక్కను పైనుండి చూచెను. పీకి చూచినవాడైనచో ఆ మాట వాడియుండడు.

ఆ తరువాత ఈ కుటుంబపు మాటలు పలు దిక్కులకు పోయినవి. పదునేడవ శతాబ్దినుండి పొగాకును 'వీడ్' అనుట కలదు. ఇరువదవ శతాబ్దిలో గంజాయికిని ఆ పేరు వచ్చినది. ఆస్ట్రేలియా దక్షిణ తీరపు సముద్రమున ఒక వింత చేప కలదు. దానిని 'వీడీ సీ డ్రాగన్' అందురు. దాని ఒడలినుండి సముద్రపు నాచు రేకులవంటివి వ్రేలాడుచుండును. నాచులో నిలిచినచో శత్రువు కంటికి ఆనదు. గ్రుడ్లను మోయు భారము అందు మగచేపది. విక్టోరియా రాష్ట్రము దానిని తన సముద్రజీవ చిహ్నముగ స్వీకరించినది. మనిషికి తగిలించినప్పుడు తిట్టైన విశేషణము చేపకు తగిలించినప్పుడు అలంకారమైనది.

అన్నిటికంటె విచిత్రమైన మలుపు శాస్త్రజ్ఞుల చేతిలో వచ్చినది. 1965లో హెర్బర్ట్ బేకర్ అను వృక్షశాస్త్రవేత్త, కలుపునకు ఉండదగిన లక్షణములనెల్ల సమకూర్చి ఒక 'ఆదర్శ కలుపుమొక్క'ను ఊహించి చూపెను. అది త్వరగా ఎదిగి త్వరగా పూయవలెను. అనుకూలించినంత కాలము విత్తనములు రాల్చుచుండవలెను. జంటమొక్క లేకున్నను తనకు తానే ఫలింపవలెను. విత్తనములన్నియు ఒకేసారి మొలవక కొన్ని మంటిలో చిరకాలము నిద్రింపవలెను. నాటి నవలాకారుడు చేవలేనివానికి వాడిన మాట శాస్త్రగ్రంథములలో చావెరుగని శక్తికి పేరైనది.

ఆ నిద్ర ఎంత దీర్ఘమో తెలిసికొనుటకు 1879లో అమెరికాలోని మిచిగన్ వ్యవసాయ కళాశాలయందు విలియం బీల్ అను ఆచార్యుడు ఒక ప్రయోగము నారంభించెను. 21 జాతుల విత్తనములను, జాతికి 50 చొప్పున ఇసుకతో కలిపి, అట్టి 20 సీసాలను భూమిలో పాతిపెట్టెను. తరతరముల శాస్త్రజ్ఞులు ఒక్కొక్క సీసాను వెలికి తీసి విత్తి చూచుచున్నారు. 2021లో, అనగా 142 సంవత్సరముల పిదప తీసిన సీసాలో సైతము కొన్ని విత్తనములు మొలకెత్తినవి. పాతినవాడు పోయెను; ఆ చోటు మఱచిపోకుండుటకు పటము గీసికొన్నవారును పోయిరి; కలుపు మాత్రము తన ప్రాణమును నిలుపుకొన్నది.

అయితే ఈ శక్తి దానికెవరిచ్చిరి? ఇచట రష్యా దేశపు వృక్షశాస్త్రవేత్త నికొలాయ్ వావిలోవ్ చెప్పిన మాట స్మరింపదగును. రై అను ధాన్యము మొదట గోధుమ చేలలో కలుపుగా మొలచి, రైతు ఏరివేయుచుండగా ఏరివేయుచుండగా గోధుమను పోలి పోలి, తుదకు తానే పంటయైనదని ఆయన సిద్ధాంతము. పైరువలె కనబడని మొక్క పీకివేతకు గురియగును. కనబడునది మిగిలి విత్తనము రాల్చును. వరిమడిలోని ఊద గడ్డికిని ఇదియే చరిత్ర. పిలకల దశలో వరికిని ఊదకును భేదము కనిపెట్టుట అనుభవము లేనివారికి సాధ్యము కాదు. చైనాలోని యాంగ్జీ నదీప్రాంతమున ఈ పోలిక సుమారు వేయి సంవత్సరముల క్రిందట స్థిరపడినదని 2019లో వెలువడిన జన్యుపరిశోధన తెలిపినది. మోకాలిలోతు బురదలో నడుము వంచి కలుపు తీసిన కూలి జనుల చూపు ఎంత వాడియైనదో, ఆ గడ్డి వేషమును అంత సూక్ష్మమైనది. ఉలి పట్టకయే ఆ చేతులు చెక్కిన శిల్పమది.

చేతులు పోయి మందులు వచ్చినను ఈ న్యాయము మాఱలేదు. సైమజిన్ అను కలుపుమందునకు లొంగని మొక్కలు అమెరికాలో బయటపడినట్లు 1970లో ప్రకటింపబడినది. మందు చల్లిన ప్రతిసారియు చావనివి మాత్రమే వంశము నిలుపుకొన్నవి. ఇక 'వీడీ రైస్' అను శాస్త్రపరిభాష తుది హాస్యము. అది వరియే, వరి పొలములోనే మొలచును, కోతకు ముందే గింజ రాల్చుకొని మరుసటి పైరునకు బెడదయగును. ఏ పంటకై కలుపును ద్వేషించితిమో ఆ పంటకే ఆ విశేషణము తగిలినది.

మన భాషలోను కలుపునకు పెట్టిన పేర్లు చూడదగినవి. అమెరికా ఖండపు ఉష్ణప్రాంతములనుండి వచ్చి, 1955 ప్రాంతమున పూనా పరిసరములలో కనబడి, పిమ్మట దేశమంతట వ్యాపించి, ఒడలికి దద్దురులు తెచ్చు మొక్కకు తెలుగువారు 'వయ్యారిభామ' యని పేరు పెట్టిరి. చెఱువులను మ్రింగు నీటిమొక్కకు 'గుఱ్ఱపుడెక్క' యనిరి. ఆంగ్లేయుడు గుఱ్ఱమునకు కలుపు పేరు పెట్టగా తెలుగువాడు కలుపునకు గుఱ్ఱపు పేరు పెట్టెను. చేనిలో ఏరివేయు గరిక వినాయకచవితినాడు పూజాద్రవ్యము. చెలకలలో బెడదయైన గునుగు బతుకమ్మకు శృంగారము. మొక్క మాఱలేదు, అది నిలిచిన చోటు మాఱినది.

ఇంతవఱకు మాట మొక్కలనుగూర్చియే యైనచో ఈ చర్చ భాషాభిమానుల వినోదముగ ముగిసెడిది. కాని సమాజమును తోటగా భావించి, తాము తోటమాలులమని తలచిన పాలకులు మనుషులలోను కలుపును చూచిరి. పోలండులో జన్మించిన సమాజశాస్త్రవేత్త జిగ్ముంట్ బౌమన్ 1989లో ప్రకటించిన గ్రంథమున యూదుల సామూహిక సంహారమును విమర్శించుచు ఈ తోటమాలి దృష్టినే ఎత్తిచూపెను. కలుపు అనిపించుకొన్నదానిని చంపుట హత్యగా తోచదు, శుభ్రపఱచుటగా తోచును. అందువలన 'ఏరివేయుట' యను మాటను మనుషులయెడల వాడునపుడు నాలుక ఒక్క క్షణమాగవలసియున్నది.

క్రీస్తు చెప్పిన ఉపమానమొకటి మత్తయి సువార్తలో కలదు. గోధుమల నడుమ శత్రువు చల్లిన మొక్కలను తెలుగు బైబిలులో 'గురుగులు' అనిరి. పీకివేయుదుమా యని పనివారడుగగా యజమానుడు వలదనును. వానిని పీకబోయి గోధుమలను పీకుదురేమో, కోతవఱకు రెంటిని ఎదుగనిండనును. సేద్యశాస్త్రమునకు ఇది సరిపడదు; ఊద పెరిగిన మడిలో పంట దక్కదు. కాని మనిషిని మనిషి కొలుచునపుడు ఈ యజమానుని జంకు విజ్ఞతయే. ఛాతీ వెడల్పు లేని ఆ నవలలోని యువకుని 'వీడీ' యన్నవాడు అతనిని పిలకల దశలోనే తూచెను. వేరు ఎంత లోతున నున్నదో పైకి కనబడదు.