రెండేళ్ల రోడ్డుకి రెండో జన్మ

హొరోపితోలో సైకిలెక్కిన కాసేపటికే పళ్లు టకటకలాడాయి. కిందకి చూస్తే మట్టి కాదు, పక్కపక్కనే పేర్చిన రాళ్లు! న్యూజిలాండ్ ఉత్తర దీవిలో, రువాపెహు అగ్నిపర్వతం అంచున ఓహాకునే ఊరిదాకా సాగే 15 కిలోమీటర్ల ‘ఓల్డ్ కోచ్ రోడ్’ ఇది.

ఆ రాళ్లు గుర్రపు బళ్ల కోసం వేసినవి. ఆక్లాండ్, వెల్లింగ్టన్‌లని కలిపే రైలు మార్గం అప్పట్లో రెండు వైపుల నుంచీ వస్తోంది. మధ్యలో ఈ అడవి ముక్క మిగిలింది. ప్రయాణికులు ఇటు రైలు దిగి, గుర్రపు బండెక్కి, అటు రైలు అందుకోవాలి. బురదలో చక్రాలు దిగబడకుండా 1906 నుంచి కూలీలు చేత్తో రాళ్లు పేర్చి రోడ్డేశారు. 1908లో పట్టాలు కలిశాయి. నవంబరు 6న ప్రధాని జోసెఫ్ వార్డ్ ఆఖరి మేకు కొట్టారు. ఇంకేముంది, గుర్రపు బండితో పనైపోయింది. క్రమంగా రోడ్డుని అడవి మింగేసింది.

ఆ కథ తెలిశాక ఓ నిమిషం ఆగిపోయా. నేను రెండేళ్లు కష్టపడి రాసిన సాఫ్ట్‌వేర్‌ని ఈమధ్యే పక్కన పడేశారు. ‘అంతా వృథా’ అనుకుంటూనే ఈ ట్రిప్‌కి వచ్చా మరి!

ఇంకాస్త ముందుకెళ్తే హపువాఫెనువా రైలు వంతెన. విల్లులా వంగి 284 మీటర్ల పొడవు, 45 మీటర్ల ఎత్తు. బళ్లని ఓడించిన రైలు దీని మీదే వెళ్లేది. 1987లో దగ్గర్లోనే కాంక్రీటు వంతెన వచ్చాక దీనికీ రిటైర్మెంటే! ఇప్పుడు ఓడిన రోడ్డు మీదా, గెలిచిన వంతెన మీదా తిరిగేది నడిచేవాళ్లూ, సైకిళ్లే.

ఈ శతాబ్దం మొదట్లో ఊరివాళ్లు పూనుకుని పొదలు కొట్టి, పేరుకున్న మట్టి తీస్తే చాలాచోట్ల రాళ్లు అలాగే ఉన్నాయట. అలా ఈ దారి మళ్లీ తెరుచుకుంది.

మీరూ వెళ్తారా? హొరోపితో వైపు నుంచి మొదలుపెడితే ఎక్కువ దిగుడే, కాళ్లకి హాయి. వానపడితే మాత్రం రాళ్లు జారతాయి. మొహమాటపడకుండా దిగి నడిపించుకెళ్లండి. నేనూ అదే చేశా.

ఆ కూలీలు నా సైకిల్ కోసం రాళ్లు పేర్చలేదు. అయినా ఆ రోజు నా బరువు మోసింది వాళ్ల పనే.