ఫిర్యాదు రాలేదంటే.. హింస లేనట్టు కాదు!

2020 ఏప్రిల్. లాక్‌డౌన్ మొదలై మూడో వారం. నేను ఉద్యోగంలో చేరి అప్పటికి ఏడాది కూడా కాలేదు. హైదరాబాద్‌లో ఓ సింగిల్ బెడ్‌రూమ్ ఫ్లాట్, ఒక ల్యాప్‌టాప్, రెండు పూటలా మ్యాగీ.. అదీ జీవితం. ఓ సాయంత్రం బట్టలు ఆరేయడానికి డాబా మీదకి వెళ్తే పక్క ఫ్లాట్ అక్క కనిపించింది. "తమ్ముడూ, ఒక్కసారి ఫోన్ ఇస్తావా? మా అమ్మతో మాట్లాడాలి" అంది. ఇచ్చాను. "బాగానే ఉన్నామమ్మా.. ఆయన కూడా ఇంట్లోనే ఉన్నారు" అని రెండు నిమిషాలు మాట్లాడి తిరిగిచ్చేసింది.

గదిలోకి వచ్చాక చూస్తే కాల్ లాగ్‌లో ఆ నంబర్ లేదు. డిలీట్ చేసేసింది. తన ఫోన్‌లోంచి కాదు, నా ఫోన్‌లోంచి!

ఆ రాత్రి గోడ అవతల గిన్నెలు పడిన చప్పుడు. మగ గొంతు అరుపులు. తర్వాత ఒక్కసారిగా నిశ్శబ్దం. నేనేం చేశానో తెలుసా? హెడ్‌ఫోన్స్ పెట్టుకుని నాయిస్ క్యాన్సిలేషన్ ఆన్ చేశాను. 'మొగుడూ పెళ్లాల గొడవ, మనకెందుకులే' అనుకున్నాను. ఆ మాట ఇప్పటికీ నన్ను వదల్లేదు.

"ఇంట్లోనే ఉండండి" అన్నారు.. కానీ!

2020 మార్చి 25 నుంచి దేశమంతా తలుపులు వేసుకుంది. వైరస్ నుంచి కాపాడుకోవాలంటే ఇల్లే సేఫ్ అన్నారు. కానీ కొట్టే మనిషి ఆ ఇంట్లోనే ఉంటే? అంతకుముందు ఆయన డ్యూటీకి వెళ్లే ఆ ఎనిమిది గంటలే ఆమెకు ఊపిరి పీల్చుకునే టైమ్. మరీ భరించలేకపోతే పుట్టింటికి బస్సెక్కేది. పక్కింటావిడతో చెప్పుకుని ఏడ్చేది. లాక్‌డౌన్‌లో ఆ మూడు దారులూ ఒకేసారి మూసుకుపోయాయి. దానికి తోడు పోయిన ఉద్యోగాలు, సగం జీతాలు, కట్టాల్సిన ఈఎమ్ఐలు. ఆ చిరాకంతా ఎవరి మీదకి మళ్లిందో వేరే చెప్పాలా?

ఆ ఏప్రిల్‌లోనే ఐక్యరాజ్యసమితి మహిళా విభాగం దీన్ని 'నీడలా వచ్చిన మరో మహమ్మారి' అంది. మన జాతీయ మహిళా కమిషన్ ఏప్రిల్ 10న ఫిర్యాదుల కోసం ప్రత్యేకంగా వాట్సాప్ నంబర్ ఇచ్చింది. 2019లో కమిషన్‌కి వచ్చిన గృహహింస ఫిర్యాదులు 2,960. 2020లో 5,297.

శరవణ రవీంద్రన్, మనీషా షా అనే ఇద్దరు పరిశోధకులు ఈ ఫిర్యాదులనే జిల్లాలవారీగా పరిశీలించారు. రెడ్ జోన్, గ్రీన్ జోన్ గుర్తున్నాయిగా? ఆంక్షలు కఠినంగా ఉన్న రెడ్ జోన్ జిల్లాల్లో 2020 మేలో గృహహింస ఫిర్యాదులు గ్రీన్ జోన్ జిల్లాలతో పోలిస్తే 131 శాతం ఎక్కువ పెరిగాయని తేల్చారు.

"అదంతా మందు వల్లే" అని చాలామంది సింపుల్‌గా తేల్చేస్తారు. ఒక్కసారి తేదీలు చూడండి. ఆంధ్రప్రదేశ్‌లో మద్యం దుకాణాలు మే 4న, తెలంగాణలో మే 6న మళ్లీ తెరిచారు. మహిళా కమిషన్ ఫిర్యాదులు పెరుగుతున్నాయని హెచ్చరించింది మాత్రం ఏప్రిల్ మొదట్లోనే, షాపులు మూసి ఉన్నప్పుడే! మందు మంట మీద పెట్రోల్ పోస్తుందేమో గానీ మంట మాత్రం ఇంకెక్కడో ఉంది.

డ్యాష్‌బోర్డ్‌లో ఎర్రలైటు లేదు

ఆఫీసులో నేను నేర్చుకున్న మొదటి పాఠం ఒకటుంది. సర్వర్ నుంచి ఎలాంటి అలర్టూ రాలేదంటే అంతా బాగున్నట్టు కాదు. అలర్ట్ పంపే ప్రోగ్రామే ఆగిపోయి ఉండొచ్చు. అందుకే చప్పుడు లేని సర్వర్‌ని ముందు చెక్ చేస్తాం.

ఇళ్ల సంగతీ అంతే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 18-49 ఏళ్ల వివాహిత మహిళల్లో భర్త చేతిలో ఎప్పుడో ఒకప్పుడు హింసకు గురైనవాళ్లు తెలంగాణలో 36.9 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 30 శాతం. దేశం మొత్తం మీద శారీరక, లైంగిక హింస అనుభవించిన మహిళల్లో 77 శాతం మంది సాయం అడగలేదు, కనీసం ఎవరికీ చెప్పలేదు కూడా. తాము వాడుకునే మొబైల్ ఉన్న మహిళలు దేశంలో 54 శాతమే. మరి వాట్సాప్ నంబర్ ఎంతమందికి అందినట్టు? ఫోన్ ఉన్నా దాని పాస్‌వర్డ్ ఆయనకి తెలిస్తే?

అదే సర్వేలో నన్ను ఎక్కువ భయపెట్టిన అంకె ఇంకోటి ఉంది. కొన్ని సందర్భాల్లో భర్త కొట్టడం తప్పు కాదన్న మహిళలు మన రెండు రాష్ట్రాల్లోనూ దాదాపు 84 శాతం! అంటే దెబ్బ తిన్న మనిషికే అది ఫిర్యాదు చేయాల్సిన విషయంలా కనిపించడం లేదు. మంట ఉన్నది అక్కడ.

మాట లేకుండా సాయం

నోరు విప్పలేని వాళ్ల కోసం కరోనా టైమ్‌లోనే కొన్ని మంచి ఐడియాలు పుట్టాయి. స్పెయిన్‌లోని కానరీ దీవుల్లో మందుల షాపుకి వెళ్లి "మాస్క్-19 కావాలి" అంటే చాలు.. షాపువాళ్లు పోలీసులకు చెప్పేవాళ్లు. కెనడాలో ఓ మహిళా సంస్థ వీడియో కాల్‌లో చూపించడానికి చేతి సైగ తయారు చేసింది. అరచేతిని కెమెరా వైపు పెట్టి, బొటనవేలిని లోపలికి మడిచి, మిగతా నాలుగు వేళ్లతో దాన్ని మూసేయాలి. ఫోన్‌లో ఏ ఆనవాలూ మిగలదు. ఈ సైగని మీరూ గుర్తుపెట్టుకోండి. ఎప్పుడు ఎవరు చూపిస్తారో తెలీదు.

మనమేం చేయగలం?

మన గృహహింస చట్టం 2005లో వచ్చింది. కొట్టడమే కాదు, తిట్టడం, అవమానించడం, లైంగికంగా బలవంతం చేయడం, ఖర్చులకు డబ్బివ్వకుండా వేధించడం కూడా దాని ప్రకారం హింసే. పెళ్లి కాకపోయినా భార్యాభర్తల్లా కలిసి ఉంటున్నవాళ్లకీ వర్తిస్తుంది. ఇల్లు భర్త పేరు మీదే ఉన్నా ఆమెకు అక్కడ ఉండే హక్కుంది.

నాకు చాలా ఆలస్యంగా తెలిసింది నాలుగో సెక్షన్. హింస జరుగుతోందని నమ్మడానికి కారణం ఉంటే ప్రొటెక్షన్ ఆఫీసర్‌కి ఎవరైనా సమాచారం ఇవ్వొచ్చు. పక్కింటివాళ్లైనా సరే. మంచి ఉద్దేశంతో చెప్పినవాళ్ల మీద దానికి కేసు పెట్టడం కుదరదు. అంటే మంచి ఉద్దేశంతో చెబితే ఇబ్బందుల్లో పడతామేమోనన్న భయం అక్కర్లేదన్నమాట.

మహిళా హెల్ప్‌లైన్ 181. ప్రాణాపాయం అనిపిస్తే 112. సఖి కేంద్రాల్లో వైద్యం, న్యాయసాయం, కొన్నాళ్లు తలదాచుకునే చోటు దొరుకుతాయి. కానీ ఒక్క మాట. ప్రాణం మీదకి రానప్పుడు, ఆమెని అడగకుండా హడావిడి చేయొద్దు. పోలీసులు వెళ్లిపోయాక ఆ తలుపు వెనక మిగిలేది ఆమే. ఒంటరిగా దొరికినప్పుడు "అక్కా, నేనేం చేయాలో చెప్పు" అని అడగండి. మెసేజ్ మాత్రం పెట్టకండి, అది ఎవరు చదువుతారో తెలీదు.

బస్సులు మళ్లీ తిరగడం మొదలయ్యాక ఓ రోజు పక్క ఫ్లాట్‌కి టులెట్ బోర్డు వేలాడింది. ఆ అక్క ఎక్కడుందో నాకు తెలీదు. ఆ రోజు ఫోన్ ఇచ్చాను గానీ "ఏమైందక్కా?" అని ఒక్క మాట అడగలేదు.

ఇప్పుడు వేరే అపార్ట్‌మెంట్‌లో ఉంటున్నా. పోయిన నెల ఓ రాత్రి కింది ఫ్లోర్ నుంచి మళ్లీ అవే చప్పుళ్లు. చేతులు వణుకుతూనే ఉన్నాయి, అయినా దిగి వెళ్లి బెల్ కొట్టాను. ఆయన తలుపు తీశాడు. "సారీ అన్నా, కొంచెం కరివేపాకు ఉందా?" అన్నాను. రాత్రి పదకొండింటికి కరివేపాకు! ఆయన లోపలికి వెళ్లాడు. హాల్లో గోడకి ఆనుకుని నిలబడ్డ ఆమె నా వైపు చూసింది.

మర్నాడు లిఫ్ట్ దగ్గర ఆమే పలకరించింది. "మీ ఫోన్ ఒక్కసారి ఇస్తారా?"

ఈసారి ఫోన్‌తో పాటు 181 నంబర్ కూడా చెప్పాను.