ఆకాశరామన్న సాక్ష్యం

ఆకాశరామన్నను కళ్లారా చూసినవారు లేరు గాని, ఆయన ఉత్తరం అందని ఆఫీసు మాత్రం లేదు. ఒకనాటి రాత్రి నేనే ఆయన అవతారం ఎత్తబోయాను.

నల్లగొండ గడియారం సెంటరు దగ్గర దుకాణంలో ఒక పరీక్షల గైడు కొన్నాను. పేజీలు తిరగవేస్తుంటే, మహబూబ్‌నగర్‌లో నాకు చదువు చెప్పిన సారు వ్రాసిన వ్యాఖ్యానం 40 పేజీలు, కామాలతో సహా కనిపించింది. సారు పుస్తకంలో అచ్చుతప్పు పడి 72వ పద్యం 27 అయింది. గైడులోనూ అది 27 అయి కూర్చుంది! దొంగ దొరికాడనుకున్నాను. తీరా అట్ట మీద పేరు చూద్దును గదా, రోజూ నాతో కలిసి చాయ్ తాగే సహాధ్యాపకుడిది.

ముఖాన అడగడానికి మొహమాటం. ఊరుకోవడానికి మనసొప్పదు. తలుపు వేసుకొని, పేరు పెట్టకుండా పోలీసులకు ఫిర్యాదు వ్రాశాను. వ్రాసే ఊపులో, అదే గైడులో సురవరం ప్రతాపరెడ్డిగారి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' నుంచి, ఆయన పేరు చెప్పే దింపిన పేజీలనూ రెండో నేరంగా జతచేశాను.

మా ఆవిడ ఆ కాగితం చదివి, "ఏమండీ, సొమ్ము పోయిన సారుకు చెప్పిండ్రా?" అంది.

చెప్పలేదు!

మర్నాడు వకీలు మిత్రుడి దగ్గరకు వెళ్లాను. ఆయన నవ్వి లెక్క చెప్పాడు. కాపీరైటు చట్టం 1957 నాటిది. రచయిత బ్రతికినంత కాలం, పోయిన ఏడాది గడిచాక మరి 60 ఏండ్లు హక్కు నిలుస్తుంది. మొదట అది 50 ఏండ్లే. 1941లో గతించిన రవీంద్రనాథ్ ఠాగూరు రచనల గడువు 1991తో తీరబోతుండగా, దాన్ని 60కి పెంచారు. పాలమూరు బిడ్డ ప్రతాపరెడ్డిగారు 1953లో పోయారు. 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి పొందిన ఆ గ్రంథం 2014 జనవరి 1 నుంచి అందరి సొత్తు. దాన్ని అచ్చువేసుకోవడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు.

అంటే నేను పట్టుకున్న రెండు నేరాల్లో ఒకటి నేరమే కాదన్నమాట!

"ఇక మీ సారు పుస్తకం సంగతి. ఆయన హక్కు ఎవరికైనా అమ్ముకున్నాడో, అనుమతి ఇచ్చిండో నీకెరుకేనా? పేరు లేని ఉత్తరాన్ని పట్టుకొని ఈ ప్రశ్నలు ఎవరినడగాలె?" అన్నాడు వకీలు.

ఈ హక్కుకు రిజిస్ట్రేషను అక్కరలేదు, వ్రాయగానే పుడుతుంది. దావా మాత్రం హక్కుదారే వేయాలి. తెలిసి చేసిన చౌర్యానికి 3 ఏండ్ల దాకా జైలు. పోలీసులు వారంటు లేకుండానే పట్టుకోదగిన నేరమని 2022లో సుప్రీంకోర్టు తేల్చింది. సమాచారం ఎవరైనా ఇవ్వవచ్చు. అచ్చాఫీసులో పనిచేసే కుర్రవాడు ఉద్యోగభయంతో పేరు దాచుకుంటే తప్పు పట్టలేం. అతడైనా పుస్తకం పేరు, పేజీలు, అమ్మే చోటు వివరంగా వ్రాసి, ముందు హక్కుదారుకు తెలియజేయడం మేలు. మరి నాకేం భయం? చాయ్ పోతుందనే గదా!

దేవరకొండ, కల్వకుర్తి, జడ్చర్ల మీదుగా బస్సులో మహబూబ్‌నగర్ చేరాను. సారు రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టుకొని చాలాసేపు చూశారు. "నన్నడిగితే ఊరికే ఇస్తుంటి గదయ్యా!" అన్నారు. ఆ మాటలో కోపం కంటే బాధ ఎక్కువ. తమ పేరుతోనే ప్రచురణకర్తలకు ఉత్తరం వ్రాశారు. రెండూ పోల్చి చూసినవాణ్ణి నేనని కింద వ్రాసి, పేరు, చిరునామాతో సంతకం చేశాను.

నెల తిరక్కముందే జవాబు వచ్చింది: క్షమాపణ, మిగిలిన ప్రతుల అమ్మకం నిలుపుదల. సారుకు అంతే చాలింది.

సహాధ్యాపకుడు రెండు నెలలు నాతో మాట్లాడలేదు. ఒకనాడు తానే చాయ్ తెప్పించి నా ముందు పెట్టాడు.

"నీ మీద కోపం ఇంకా పోలేదు. కాని ఆ కాగితం మీద నీ పేరు లేకుంటే, ఈ గదిలో ప్రతి ఒక్కణ్ణీ అనుమానిస్తుంటి" అన్నాడు.

చాయ్ అప్పటికే చల్లారింది. అయినా తాగాను.