ఈగ రెక్కకి ఒక్క చక్కెర పలుకు

మా ఇంట్లో షుగర్ అంటే నాన్నగారి హెచ్‌బీఏ1సీ రిపోర్టే. రక్తంలో గ్లూకోజ్ పెరిగితే పిలవని పేరంటానికి వచ్చినట్టు దానంతటదే వెళ్ళి హిమోగ్లోబిన్‌కి అంటుకుంటుంది. ఎంత అంటుకుందో ఆ టెస్ట్ చెబుతుంది. కానీ కణాలు పనిగట్టుకుని, ఎంజైములతో ప్రోటీన్లకి అతికించుకునే చక్కెరలు వేరే ఉన్నాయి. వాటి సంగతి బాగా తెలిసింది డ్రోసోఫిలా దగ్గర. అదేనండీ, మాగిన అరటిపళ్ళ మీద ముసిరే చిన్న ఈగ.

వందేళ్ళ కిందట అమెరికాలో, మోర్గాన్ ల్యాబ్‌లో రెక్క అంచు గంటుపడిన ఈగలు కనిపించాయి. అందుకే ఆ జన్యువుకి 'నాచ్' అని పేరు. నాచ్ ప్రోటీన్ కణం మీద యాంటెన్నాలా నిలబడి, పక్క కణం పంపే కబురు వింటుంది. కబురు తెచ్చేవి రెండు: డెల్టా, సెరేట్.

రెక్కలో పై పొర కణాల దగ్గర సెరేట్ ఉంటుంది, కింది పొరలో డెల్టా. పై పొరలో మాత్రమే 'ఫ్రింజ్' అనే ఎంజైమ్ కూడా ఉంటుంది. అది ఉన్నచోట నాచ్‌కి సెరేట్ మాట సరిగ్గా వినపడదు, డెల్టా మాట గట్టిగా వినపడుతుంది. దాంతో పై పొర కణాలు తమలో తాము ఎంత అరుచుకున్నా లాభం లేదు; రెండు పొరలు కలిసే గీత మీదే సిగ్నల్ గట్టిగా అందుతుంది. రెక్క అంచు ఏర్పడేది సరిగ్గా అక్కడే!

ఫ్రింజ్ చేసే పనేంటో 2000లో తేలింది. నాచ్ మీద అప్పటికే ఉన్న ఫ్యూకోజ్ అనే చక్కెరకి ఇంకొక్క చక్కెర తగిలిస్తుంది. అంతే. మా భాషలో చెప్పాలంటే, ఆ ప్రోటీన్ కోడ్‌లో ఒక్క లైను మారలేదు, ఫ్లాగ్ ఒకటి తిప్పారు. నాచ్ జన్యువుని ఎంత చదివినా ఆ ఫ్లాగ్ ఏ కణంలో ఆన్ అయిందో కనపడదు. జీనోమ్ చదివేస్తే అయిపోయిందనుకునే మా సాఫ్ట్‌వేర్ బుర్రలకి ఇది మంచి బ్రేకు.

మనుషుల్లో ఫ్రింజ్‌లు మూడు: లునాటిక్, మానిక్, రాడికల్. పేర్లు పెట్టినవాళ్ళ సరదా చూడండి! లునాటిక్ ఫ్రింజ్ జన్యువు దెబ్బతింటే మాత్రం సరదా కాదు. గర్భంలో వెన్నుపూసలు వరసగా విడివడవు. బిడ్డ వెన్ను, పక్కటెముకలు వంకరపోతాయి. చాలా అరుదైన జబ్బే. తల్లిదండ్రులిద్దరూ ఆరోగ్యంగానే ఉంటారు, లోపమున్న కాపీ చెరొకటి మోస్తుంటారు. అలాంటి జంటకి ప్రతి కాన్పులోనూ 25 శాతం ప్రమాదం. మేనరికాల్లో ఒకే తాత నుంచో అమ్మమ్మ నుంచో ఆ కాపీ రెండు వైపులా దిగే అవకాశం ఎక్కువ. కుటుంబంలో ఇలాంటి బిడ్డ పుట్టి ఉంటే, పెళ్ళి మాటలకి ముందే జెనెటిక్ కౌన్సెలర్‌ని కలవడం మంచిది.