వద్దన్నా వదలని ప్రభువు బిరుదు

1961 మే నెల. లండన్‌లోని పార్లమెంటు భవనం. అప్పుడే ఉపఎన్నికలో గెలిచిన ఓ 36 ఏళ్ల నాయకుడు కామన్స్ సభలోకి అడుగుపెట్టబోయారు. గుమ్మం దగ్గరే ఆపేశారు. లోపలికి రానివ్వొద్దని స్పీకర్ ఆదేశం!

ఆయనేమైనా నేరం చేశారా? లేదు. దొంగ ఓట్లు వేయించుకున్నారా? అదీ కాదు. ఆయన చేసిన తప్పల్లా ఒక్కటే, ప్రభువుగారి కొడుకుగా పుట్టడం.

ఆయన పేరు ఆంథొనీ వెడ్జ్‌వుడ్ బెన్. తర్వాత ప్రపంచానికి టోనీ బెన్‌గా తెలిశారు. జమీందారీ బిరుదులు పోయాయని బాధపడ్డవాళ్లను మనం చాలామందిని చూశాం. బిరుదు వదిలించుకోవడానికి చట్టాన్నే మార్పించిన మనిషి మాత్రం ఈయనే.

తండ్రి ఇచ్చిన గుదిబండ

తండ్రి విలియం వెడ్జ్‌వుడ్ బెన్ మనకు తెలియని మనిషేం కాదు. 1929 నుంచి 1931 దాకా బ్రిటిష్ ప్రభుత్వంలో భారత వ్యవహారాల మంత్రి. రౌండ్ టేబుల్ సమావేశానికి లండన్ వచ్చిన గాంధీజీని ఆరేళ్ల వయసులో కలిశానని టోనీ పెద్దయ్యాక కూడా ముచ్చటగా చెప్పుకునేవారు.

రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో ప్రభువుల సభలో లేబర్ పార్టీకి మనుషులు తక్కువయ్యారు. అందుకని తండ్రికి వైకౌంట్ స్టాన్స్‌గేట్ అనే బిరుదు ఇచ్చారు. అది వంశపారంపర్యం. తండ్రి తర్వాత పెద్దకొడుక్కి వస్తుంది. పెద్దకొడుకు మైకేల్‌కి మతగురువు కావాలని కోరిక, కాబట్టి ఆయనకి అభ్యంతరం లేకపోయింది. అంతా బాగానే ఉందనుకున్నారు.

కానీ 1944లో వైమానిక దళంలో పనిచేస్తూ మైకేల్ చనిపోయారు. వారసత్వం తమ్ముడి మెడకు చుట్టుకుంది.

ఇందులో తంటా ఏమిటంటారా? ప్రభువుల సభకు చెందినవాళ్లు జనం ఎన్నుకునే కామన్స్ సభలో కూర్చోకూడదు. టోనీయేమో 1950లో, పాతికేళ్ల వయసుకే బ్రిస్టల్ సౌత్ ఈస్ట్ నుంచి గెలిచి అక్కడ కూర్చున్నారు. అంటే తండ్రి కన్నుమూసిన రోజే కొడుకు పదవి పోతుంది! తండ్రి బతికుండగానే, 1955లో, బిరుదు వద్దనుకునే వీలు కల్పించమని ఓ బిల్లు పెట్టి చూశారు. కుదరలేదు.

గెలిచినా ఓడినట్టే

భయపడ్డదే జరిగింది. 1960 నవంబరులో తండ్రి పోయారు. దుఃఖంలో ఉండగానే సీటు ఖాళీ అయింది. టోనీ ఊరుకోలేదు. తన సీటుకే జరిగిన ఉపఎన్నికలో మళ్లీ నిలబడ్డారు. గెలిచినా సభలోకి రానివ్వరని బ్రిస్టల్ జనానికి తెలుసు. అయినా 23,275 మంది ఆయనకే ఓటేశారు. ప్రత్యర్థి మాల్కమ్ సెయింట్ క్లెయిర్‌కి వచ్చినవి 10,231.

గుమ్మం దగ్గర ఆపేశాక వ్యవహారం ఎన్నికల కోర్టుకెళ్లింది. ఓడిపోయిన సెయింట్ క్లెయిరే సభ్యుడని తీర్పు వచ్చింది. ఇంకో విచిత్రం చూడండి, ఆ సెయింట్ క్లెయిర్ కూడా ఓ ప్రభువు బిరుదుకు వారసుల వరసలో ఉన్నవారే!

అయితే ఈ తీర్పు జనానికి మింగుడు పడలేదు. 23 వేల ఓట్ల కన్నా ఓ పాత బిరుదు బరువెక్కువా? ఎదుటి పార్టీ పెద్ద చర్చిల్ కూడా టోనీ పక్షాన నిలిచారు. చివరికి ప్రభుత్వం దిగొచ్చింది. బిరుదు వదులుకోవచ్చని చట్టం తెచ్చింది. 1963 జులై 31 సాయంత్రం ఆరు గంటలకు చట్టానికి ఆమోదం. 6 గంటల 22 నిమిషాలకల్లా టోనీ తన బిరుదు వదిలేశారు. ఆ చట్టాన్ని వాడుకున్న మొదటి మనిషి ఆయనే.

సెయింట్ క్లెయిర్ కూడా మాట మీద నిలబడి సీటు ఖాళీ చేశారు. ఆగస్టులో టోనీ మళ్లీ గెలిచి, ఆపిన గుమ్మంలోంచే లోపలికి నడిచారు.

ఆ చట్టం వల్ల ఎక్కువ లాభపడింది ఎవరనుకున్నారు? ఎదుటి పక్షం! అదే ఏడాది అక్టోబరులో కన్జర్వేటివ్ నేత ఎర్ల్ ఆఫ్ హోమ్ తన బిరుదు వదిలేసుకుని, సర్ అలెక్ డగ్లస్ హోమ్‌గా ప్రధానమంత్రి కుర్చీలో స్థిరపడ్డారు.

దించే దారి ఉండాలి

తర్వాత టోనీ తపాలా మంత్రిగా, సాంకేతిక మంత్రిగా, పరిశ్రమల మంత్రిగా చేశారు. స్టాంపుల మీద రాణిగారి తలబొమ్మ తప్పనిసరా అని ప్రశ్నించి కలకలం రేపారు. ఆ తల పోలేదు గానీ, ప్రత్యేక స్టాంపుల మీద చిన్నదైపోయింది.

వయసు పెరిగేకొద్దీ చాలామంది మెత్తబడతారు. ఈయన మరింత గట్టిపడ్డారు. 1981లో పార్టీ ఉపనేత పదవికి పోటీచేసి ఒక్క శాతం కన్నా తక్కువ తేడాతో ఓడిపోయారు. లేబర్ పార్టీ చీలికకు, 1983 ఓటమికి ఆయన మొండితనమే కారణమని సొంత పార్టీవాళ్లే నిందించారు. ఆ ఏడాది బ్రిస్టల్ ఓటర్లు కూడా ఆయన్ని ఓడించారు.

కానీ ఆయన వాదన మొదటినుంచీ ఇదే కదా! అధికారంలో ఉన్నవాళ్లను అయిదు ప్రశ్నలు అడగాలనేవారు. మీకున్న అధికారం ఏమిటి, ఎవరిచ్చారు, ఎవరికోసం వాడుతున్నారు, ఎవరికి జవాబు చెబుతారు అన్నవి నాలుగు. అయిదోది అన్నిటికన్నా పదునైంది, మిమ్మల్ని దించాలంటే ఎలా? ప్రభువును ఎవరూ దించలేరు. ఎమ్మెల్యేనైనా, ఎంపీనైనా జనం దించగలరు. తనను దించగలిగే హక్కు జనానికి ఉండాలనే ఆయన అంత పోరాడారు. 1983లో ఆ హక్కును జనం ఆయన మీదే వాడారు. మరుసటి ఏడాది చెస్టర్‌ఫీల్డ్ ఓటర్లు మళ్లీ సభకు పంపారు. 2001 దాకా అక్కడే ఉన్నారు.

2014 మార్చి 14న టోనీ బెన్ కన్నుమూశారు. కథ అక్కడితో ముగియలేదు. 1963 చట్టం ప్రకారం బిరుదు వదులుకున్నా, అది వదులుకున్న మనిషి జీవితకాలానికే! ఆయన పోగానే బిరుదు మళ్లీ లేచి కూర్చుంది. పెద్దకొడుకు స్టీఫెన్ మూడో వైకౌంట్ స్టాన్స్‌గేట్ అయ్యారు. 2021లో ప్రభువుల సభలో చేరారు. రెండో కొడుకు హిలరీ బెన్ మాత్రం 1999 నుంచీ జనం ఓట్లతోనే కామన్స్ సభకు వస్తున్నారు.

తండ్రిని ఆపిన గుమ్మానికి ఇవతల అన్న, అవతల తమ్ముడు!